ఎల్లస్వామి కత్తి, దస్తగీరు గడ్డం

మా తాత ఎల్లస్వామికి అభిప్రాయం లేని విషయం ఈ భూమ్మీద లేదు. బస్సు గురించి ఉంది, పిండి గిర్ని గురించి ఉంది, గ్రామఫోను గురించి ఉంది, పక్కింటివాళ్ళు పులుసులో చింతపండు ఎంత వేస్తారన్న దాని మీద కూడా ఉంది. ఎవరూ అడగాల్సిన పని లేదు. గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాడు మెడ పైకెత్తి కూర్చున్నాక, గొంతు మీద కత్తి ఆడుతుంటే, ఎదురు మాట్లాడే మగాడెవడు? ఆ ధీమాతోనే ఆయన ఇబ్రహీంపట్నంలో ఎవరూ కాదనలేని పండితుడిగా చలామణీ అయ్యాడు. మా నాయనమ్మ మాణిక్యమ్మకు ఆయన చేత గడ్డం గీయించుకునే అవసరం లేదు కాబట్టి ఆమె ఒక్కతే ఎదురు మాట్లాడేది. నేను చెప్పేదంతా ఆమె దగ్గర విన్నదే, ఆమె కోపంతో సహా.

హైదరాబాద్ పోయే బాట పక్కన, బస్సు ఆగే చోట ఒక పెంకుల చావడి ఉండేది. దాని అరుగు మీద ఒక కొసకు మా తాత గోనెపట్టా పరుచుకుని కూర్చునేవాడు. ఇంకో కొసకు దర్జీ దస్తగీరు సాబ్, కాలితో తొక్కే కుట్టు మిషనుతో. యాచారం నుంచి, బొంగులూరు నుంచి అంగడికి వచ్చినవాళ్ళు ఇక్కడ క్షవరం చేయించుకుని, అక్కడ చొక్కా కొలతలు ఇచ్చి, ఇద్దరి తగువూ విని పోయేవాళ్ళు. తగువు లేని రోజు లేదు. మా తాతకు ఆ మిషను చూస్తే ఒళ్ళు మండేది.

"పనంటె చేతిల ఉండాలె సాబూ. కాలుతోని తొక్కితె గదేం పని? గానుగెద్దు గూడ తొక్కుతది."

"మరి నువ్వు నోటితోని జేసేదాన్ని ఏమంటరన్నా?" అనేవాడు దస్తగీరు, దారం పళ్ళతో తెంపుతూ.

అరుగు మీద ఉన్నవాళ్ళంతా నవ్వేవాళ్ళు. గడ్డం కింద కత్తి ఉన్నవాడు తప్ప.

ఆ రోజుల్లోనే పడుచు పిల్లలకు క్రాపు పిచ్చి పట్టింది. హైదరాబాద్‌లో టాకీ చూసి వచ్చినవాడల్లా ముందు పొడుగ్గా, వెనక పొట్టిగా, పక్కన పాపిడితో జుట్టు కావాలని కూర్చునేవాడు. తాత వాడి తలను రెండు చేతులతో పట్టుకుని గుమ్మడికాయను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసేవాడు. "గా తెర మీదోని నెత్తి గుండ్రంగున్నది. నీది కొబ్బరికాయ. రెండు ఒక్క తీరు ఎట్లయితయిరా?" అని, వాడు మొహం ముడుచుకుంటే, తిట్టుకుంటూనే క్రాపు చేసేవాడు. జుట్టు కత్తిరించే మిషను ఒకటి వచ్చిందనీ, గుప్పిట్లో నొక్కితే చాలనీ ఎవరో చెబితే ఆయన మూడు రోజులు దాని మీదే మాట్లాడాడు. చూడను కూడా చూడలేదు దాన్ని.

దస్తగీరు దారాలూ గుండీలూ తేవడానికి హైదరాబాద్ పోతే ఒక టాకీ చూడకుండా వచ్చేవాడు కాదు. వచ్చాక ఆ పాటలు పాడుతూ, ఆ వరసకే మిషను తొక్కేవాడు. "బొమ్మ పాడితె ఇననీకి బస్సెక్కి పోవాల్నా? ఊళ్ళె బతికున్నోళ్ళు పాడుతలేరా?" అని తాత గొణిగేవాడు. కానీ గిరాకీ వచ్చి దస్తగీరు పాట మధ్యలో ఆపేస్తే మాత్రం, అటు తిరగకుండానే "ఊఁ, తర్వాత?" అనేవాడట. మా నాయనమ్మ సద్ది తెచ్చినప్పుడు చాలాసార్లు విన్నది. గిరాకీ లేక తాత చేతులు ముడుచుకుని కూర్చుంటే దస్తగీరు "పిల్లిని పట్కరమ్మంటవా అన్నా, నెత్తి గీస్తవేమో" అనేవాడు. ఆ సామెత ఇంకెవరన్నా ఎత్తితే తాత వాళ్ళ వంశాన్నంతా తిట్టేవాడు. దస్తగీరు అంటే నవ్వేవాడు.

వాళ్ళిద్దరి మధ్య పైసల లెక్క లేదు. మా ఇంట్లో చొక్కాలూ రవికెలూ ఆయన కుట్టేవాడు, ఆయన గడ్డం తాత చూసుకునేవాడు. జుమ్మా నమాజుకు ముందు దస్తగీరు వచ్చి గోనెపట్టా మీద కూర్చుంటే తాత కత్తెర మార్చేవాడు, గొంతు కూడా మార్చేవాడు. గడ్డం గుండ్రంగా, ఒక్క వెంట్రుక ఎక్కువ తక్కువ లేకుండా దిద్ది, బుగ్గల మీద అంచు కత్తితో గీసి, అద్దం చూపించేవాడు. "ఇబ్రహీంపట్నంల గిసొంటి గడ్డం ఇంకోటి లేదు. గిది నా చేతి పని" అని అందరికీ చెప్పుకునేవాడు. గడ్డం మోసేది దస్తగీరు, గొప్ప మాత్రం మా తాతది.

ఇంత మాటకారి పొద్దున్నే చేసే మొదటి పని ఏమిటో తెలుసా? పటేలు గడికి పోవడం. పటేలుకు గడ్డం గీయాలి, ఒళ్ళు పట్టాలి, కాళ్ళు పిసకాలి, చుట్టాలొస్తే వాళ్ళకూ చేయాలి. కూలి లేదు, నాలుగు గింజలు లేవు. వెట్టి. మా తాత ముత్తాతలంతా చేసిందే. అరుగు మీద కూర్చుని వెట్టిని తిట్టే తిట్లు వింటే గడి గోడలు కూలిపోవాలి. తెల్లారితే మళ్ళీ నడుము వంచుకుని, కత్తుల పెట్టె చంకన పెట్టుకుని అదే గడికి పోయేవాడు. "అరుగు మీద పులి, గడిల పిల్లి" అనేది నాయనమ్మ. ఆ మాట వినగానే ఆయన గట్టిగా దగ్గేవాడు.

రాచకొండ గుట్టల వైపు నుంచి సంఘం వాళ్ళు రావడం మొదలయ్యాక, ఒకనాడు ఊళ్ళో మీటింగు పెట్టి చెప్పారు: ఇక ఎవరూ వెట్టి చేయొద్దు, బట్టలుతికేవాళ్ళూ గడ్డాలు గీసేవాళ్ళూ గడి మెట్లు ఎక్కొద్దు. మర్నాడు తాత గడికి పోలేదు. నేరుగా అరుగు మీదికి వచ్చి, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. బతికినన్నాళ్ళలో ఆయన అభిప్రాయం ఒక్కటి నిజమైన రోజు అదే. పటేలు గడ్డం పెరిగింది. "జూసినవా సాబూ, ముండ్లకంప లెక్క. పిట్టలు గూడు వెడతయ్" అని తాత పగలబడి నవ్వేవాడట. ఆ సంబరం వానాకాలం దాటలేదు. రజాకార్లు వచ్చి ఊరి బయట క్యాంపు వేశారు. వాళ్ళ వెనకాలే పటేలు మళ్ళీ మీసం మెలేశాడు. తాతను పెట్టెతో సహా లాక్కుపోయి క్యాంపులో ఉన్నవాళ్ళందరికీ గడ్డాలు గీయించారు. దస్తగీరు ముందు ఖాకీ బట్ట తానులు పడేసి, చొక్కాలు కుట్టమన్నారు. ఇద్దరూ చేశారు. చేయకపోతే ఏమవుతుందో పక్క ఊళ్ళలో తగలబడ్డ ఇళ్ళు చెబుతూనే ఉన్నాయి.

అరుగు మీద పాటలు ఆగిపోయాయి గానీ తగువు ఆగలేదు. అది ఇంకో తీరుగా తిరిగింది.

"గా ఖాకీ బట్ట నీ మిషన్ల ఎందుకు వెట్టినవ్ సాబూ? సూది ఇరిగిందంటె అయిపోవు గద."

"మరి నీ కత్తి మొద్దువోయిందంటె అయిపోవు గదన్నా? గొంతులన్నీ నీ చేతి కిందనే ఉండె."

తప్పు ఎవరిదని చెబుతాం? కాకపోతే మా నాయనమ్మ ఒక మాట అనేది, అది నాకు ఇప్పటికీ నిజమే అనిపిస్తుంది. గీసిన గడ్డం రెండు రోజుల్లో మొలుస్తుంది, గీసిన చేయి ఎవరిదో ఎవడికీ గుర్తుండదు. కుట్టిన చొక్కా అట్లా కాదు. అది ఊరంతా తిరుగుతుంది, కుట్టినవాడి పేరు చెప్పుకుంటూ.

పోలీసు యాక్షన్ వార్త మా ఊరికి షావుకారు ఇంట్లోని రేడియో మోసుకొచ్చింది. "డబ్బా మాట నమ్ముతమా?" అన్నాడు తాత, అలవాటు కొద్దీ. ఈసారి డబ్బా మాటే గెలిచింది. రజాకార్లు రాత్రికి రాత్రి క్యాంపు ఎత్తేసి, ఖాకీ చొక్కాలు విప్పి చెరువు కట్ట మీద తుమ్మ పొదల్లో పడేసి పోయారు. పిల్లలు వాటిని కర్రలకు తగిలించి ఊరేగించారు. ఆ చొక్కాల మెడపట్టీ కుట్టు చూస్తే చాలు, ఎవరి మిషను మీద పుట్టాయో ఊళ్ళో అందరికీ తెలుసు. క్యాంపుకు గింజలు మోసినవాళ్ళూ, కబుర్లు మోసినవాళ్ళూ అప్పుడు గొంతు పెంచి, ఖాకీ కుట్టినవాణ్ణి వదలొద్దన్నారు. ఏరు దాటాక బోడి మల్లయ్య అంటే ఇదే. అంతకు ముందు నెలే వాళ్ళ బిడ్డల పెళ్ళిళ్ళకు దస్తగీరు చేతే రవికెలు కుట్టించుకున్నారు.

బాట మీద మిలిట్రీ లారీలు తిరగసాగాయి. గడ్డం కనిపిస్తే ఆపుతున్నారనీ, అడుగుతున్నారనీ, లారీ ఎక్కిస్తున్నారనీ చెప్పుకున్నారు. ఎంత నిజమో ఎవరికి తెలుసు? భయానికి నిజంతో పనేముంది.

ఒక మంగళవారం పొద్దున దస్తగీరు మా ఇంటికి వచ్చాడు. మంగళవారం తాత అరుగుకు పోడు, కత్తి ముట్టడు, ఇంట్లోనే ఉంటాడు. దస్తగీరు ముందు వాకిలి నుంచి కాకుండా కొట్టం వైపు నుంచి వచ్చాడు. టోపీ జేబులో ఉంది.

"అన్నా, జర గడ్డం తీసెయ్యి. నున్నగ."

తాత నులకమంచం మీద నుంచి లేవలేదు. "ఇయ్యాల మంగళారం."

"మాకు మంగళారం లేదన్నా."

"నీకు లేకుంటె లేకపాయె. నా కత్తికున్నది. మంగళారం కత్తి వెడితె ఆయుస్సు తగ్గుతది. నా చేతులతోని నీ ఆయుస్సు తగ్గిస్తనా? రేపు పొద్దుగాల రా. నీళ్ళు కాగవెట్టి ఉంచుత."

నాయనమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "తీసెయ్యరాదు. ఆయనే అడుగుతుండు గద. దేవుడు గూడ జూడనట్టు ఊకుంటడు తియ్యి."

"నువ్వూకో. నీకేం ఎర్క?" తాతకు కోపం వచ్చింది. మంచం మీద లేచి కూర్చున్నాడు. "అయినా ఎందుకు తియ్యాలె సాబూ? ఎవడో లారీల వచ్చిండని ఇన్నేండ్ల నా చేతి పని తీసేసుకుంటవా? నువ్వేం జేసినవ్? పొట్టకు కుట్టినవ్. ఊరంత నిన్నెరుగదా? ఫికర్ జెయ్యకు. నిన్ను ముట్టుకుంటె నేనూకుంటనా?"

"నీ మాట మంచిదేనన్నా. గని ఊరు ఎరుగుడు వేరు, లారీ ఎరుగుడు వేరు." దస్తగీరు గడ్డం పట్టుకుని నిలబడ్డాడు. "నా కాడ బట్టల కత్తెరుంది. దాంతోని గొరుక్కుంటె మేక మేసినట్టయితది. భయపడ్డోడని ఎంబడే తెలుస్తది. నున్నగుండాలె. కత్తన్న ఇయ్యి, నేనే గీసుకుంట."

"అలవాటు లేని చెయ్యి. గొంతు కోస్కుంటవ్. నా కత్తి నేనెవలకియ్య."

దస్తగీరు "సరే అన్నా, రేపొస్త" అని వచ్చిన దారినే పోయాడు. తాత మళ్ళీ మంచం మీద వాలి, భయం గురించీ, ఊరి గురించీ, మిలిట్రీ గురించీ చాలాసేపు తన అభిప్రాయాలు చెప్పాడు. నాయనమ్మ వినలేదు. మూర్ఖుడికి మొండితనం తోడైతే ఎట్లా ఉంటుందో ఆమె అప్పటికే బాగా ఎరుగును. కానీ ఒకటి మాత్రం ఒప్పుకునేది: ఆయుష్షు మాట ఆయన ఊరికే అనలేదు. నిజంగానే నమ్మాడు. పటేలుకైతే ఎన్ని మంగళవారాలైనా సంతోషంగా గీసేవాడు.

ఆ సాయంత్రమే లారీ వచ్చింది. ఎవరో చెరువు కట్ట మీద దొరికిన చొక్కా చూపించారు, ఎవరో చావడి అరుగు చూపించారు. దస్తగీరు మిషను మీద ఎవరిదో పిల్ల గౌను ఉంది. సగం కుట్టింది. గడ్డం పట్టుకుని లేపారట. సంగతి తెలిసి తాత పరుగెత్తాడు. ఆయన పోయేసరికి లారీ ఇంకా అక్కడే ఉంది, చుట్టూ జనం ఉన్నారు. దస్తగీరు లారీలో నిలబడి ఉన్నాడు, తాతను చూశాడు. తాత జనంలోంచి రెండడుగులు ముందుకు వేశాడు. తుపాకి పట్టుకున్నవాడు ఇటు తిరిగి, ఏమిటి అన్నట్టు తల ఎగరేశాడు. అంతే. గొంతు మీద కత్తి లేనివాడి ముందు మా తాతకు మాట రాలేదు. ఆయనకే కాదు, అక్కడున్న ఎవరికీ రాలేదు. కానీ మిగతావాళ్ళెవరూ పొద్దున "నేనూకుంటనా" అనలేదు కదా. ఇది చెప్పినప్పుడల్లా మా నాయనమ్మ పళ్ళు కొరికేది. నాకూ కోపమే వస్తుంది, ఎవరి మీద చూపించాలో తెలియదు.

బుధవారం తెల్లవారగానే తాత నీళ్ళు కాగబెట్టాడు. పెట్టె చంకన పెట్టుకుని దస్తగీరు ఇంటికి పోయి గడప దగ్గర కూర్చున్నాడు. దస్తగీరు భార్యను మావాళ్ళంతా బీబమ్మ అనేవాళ్ళు. ఆమె బయటికి వచ్చి పెట్టెను చూసి, "ఎవలకు గీస్తవన్నా?" అని లోపలికి పోయింది. తాత అక్కడి నుంచి చావడికి వచ్చాడు. జనం ఇళ్ళ మీద పడి దొరికింది ఎత్తుకుపోతున్న రోజులవి. ఆ మిషనును విప్పి, తల భాగం నెత్తిన పెట్టుకుని, ఇనుప కాళ్ళు నాయనమ్మ చేత మోయించి, ఇంటికి తెచ్చాడు. దాని మీద మా ఇంట్లో ఉన్న ఒక్క మంచి గొంగడి కప్పాడు. అప్పుడప్పుడూ చక్రానికి నూనె పెట్టేవాడు. "గానుగెద్దుకు మేతేస్తున్నవా?" అని నాయనమ్మ అడిగితే మొహం తిప్పుకునేవాడు.

వరి కోతలైపోయాక దస్తగీరు బస్సు దిగాడు. మొదట ఎవరూ గుర్తుపట్టలేదు. గడ్డం లేదు. గడ్డం కింద ఇన్నేళ్ళూ దాక్కున్న మొహం ఇంత చిన్నదా అనిపించిందట నాయనమ్మకు. నడకలో కొంచెం ఈడ్పు వచ్చింది. జైలు లోపల ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు. తాత మిషను మళ్ళీ నెత్తిన పెట్టుకుపోయి, అరుగు మీద దాని చోట దాన్ని నిలబెట్టాడు. దస్తగీరు చక్రం మీద చేయి వేసి తిప్పి చూశాడు. "షుక్రియా అన్నా. బీబమ్మ జెప్పింది. కడుపుల వెట్టుకొని సూస్కున్నవట" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అది ఉన్నా బాగుండేది.

జుమ్మా రోజు తాత గోనెపట్టా దులిపి పరిచాడు. కత్తి నూరాడు. గిన్నెలో నీళ్ళు పోశాడు. "రా సాబూ" అన్నాడు. బుగ్గల మీద మాసిన గడ్డం అప్పుడప్పుడే మొలుస్తోంది, మళ్ళీ గుండ్రంగా దిద్దొచ్చని ఆయన ఆశ.

దస్తగీరు సంచిలోంచి చిన్న డబ్బా తీశాడు. అందులో తళతళలాడే చిన్న పిడి, దానికి బిగించే పల్చటి బ్లేడు. "నాకు గిదుందన్నా. లోపల ఒకాయన నేర్పిండు. వచ్చేటప్పుడు కొనుక్కొచ్చుకున్న" అన్నాడు. మిషను పక్కన గుంజకు అద్దం తగిలించుకుని, సబ్బు రాసుకుని, తనే గీసుకున్నాడు. ఆ రోజే కాదు, రోజూ. మొలక కనిపించనిచ్చేవాడు కాదు. బట్ట ముట్టుకునే ముందు గడ్డం గీసుకోవాలి. చేయి తిరగక దవడ దగ్గర తెగేది, రక్తం వచ్చేది, ఖాకీ పీలికో తెల్ల పీలికో చేతికి దొరికింది అద్దుకునేవాడు. నాలుగు బారల దూరంలో మా తాత కూర్చుని ఇదంతా చూడాలి.

ఊరంతా ఎదురుచూసింది, ఎల్లస్వామి ఆ బ్లేడును ఏమంటాడోనని. చేతి పని పోయేట్టు చేసే మిషను, పైగా తన అరుగు మీదే. ఆయన ఏమీ అనలేదు. గిరాకీలు కావాలని అడిగినా అనలేదు. ఇంటికి వచ్చి ఉప్పు మీద, పప్పు మీద, బస్సు హారను మీద అరిచేవాడు. ఒకనాడు నాయనమ్మకు ఓపిక నశించింది.

"తప్పయిందని ఒక్క మాట అను. నోరు పోతదా?"

"నేనన్న అనుకో. వాడు ఏమంటడు?" అన్నాడు తాత.

అదీ సంగతి. ఊరందరి మాటా కొట్టిపారేసిన మనిషి ఒక్క దస్తగీరు జవాబుకు భయపడ్డాడు. నాయనమ్మ అంది, "ఏమన్న అననీ. తిడితె తిట్టనీ. నువ్వయితె అను."

ఆ మర్నాడు ఆమె చెంబులో జొన్న గటక తీసుకుని అరుగు దగ్గరికి వచ్చేసరికి దస్తగీరు గీసుకోవడం ముగించి, గవద మీద రక్తం అద్దుకుంటున్నాడు. గిరాకీ ఎవరూ లేరు. తాత రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఆమె చెంబు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఇన్ని నెలల తర్వాత ఆ నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"సాబూ, గా బ్లేడు మంచిది గాదు. తోలు పాడైతది."

మా తాత జీవితంలో అడిగిన క్షమాపణ అది. అంతకంటే ఆయనకు రాదు. దస్తగీరుకు అది అర్థం కాకుండా ఉండదు, ఆ మనిషిని అంతగా ఎరిగినవాడు ఇంకొకడు లేడు. ఆయన బ్లేడు విప్పాడు, కడిగాడు, బట్టతో తుడిచి డబ్బాలో పెట్టాడు. కోపంగా కూడా చూడలేదు.

"అవ్ అన్నా. మంచిది గాదు" అన్నాడు. "గని మంగళారం గూడ గీస్తది."

తర్వాత మిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టాడు. మా నాయనమ్మ తెచ్చిన గటక ఆ రోజు ఎవరూ ముట్టలేదు.